పిల్లల ఆరోగ్యం మీద పీహెచ్‌డీ అయిపోయింది, ఇక ఉద్యోగం ఎక్కడ వెతకాలి?

వైవా అయ్యి, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చిన జూనియర్లు ఫోన్ చేసి "అక్కా, ఇప్పుడేం చెయ్యమంటావు?" అంటారు. నేను ముందు అడిగేది ఒకటే: ఎంబీబీఎస్ ఉందా, లేదా?

మొహమాటపడాల్సిన ప్రశ్న కాదిది. మన రంగంలో సగం దారులు ఇక్కడే చీలిపోతాయి. పోలియో నిఘాతో మొదలై ఇప్పుడు టీకాలతో ఆగే మరికొన్ని జబ్బుల్ని కూడా చూస్తున్న డబ్ల్యూహెచ్ఓ బృందంలో సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసర్ కావాలంటే ఎంబీబీఎస్ తప్పనిసరి. మెడికల్ కాలేజీలో పీడియాట్రిక్స్ చెప్పాలంటే ఎండీ లాంటి పీజీ ఉండాల్సిందే. న్యూట్రిషన్, మైక్రోబయాలజీ, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ), ఆంత్రోపాలజీ, స్టాటిస్టిక్స్ వైపు నుంచి వచ్చి పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఆ నోటిఫికేషన్లు చదువుతూ కూచుంటే దిగులు తప్ప ఏమీ మిగలదు.

నేను ఈ రెండో గుంపు మనిషిని. హోం సైన్స్ చదివాను. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల తిండి మీద పీహెచ్‌డీ. తర్వాత ప్రాజెక్టు ఉద్యోగాలు, ఆపైన టీకా ట్రయల్స్, ఇప్పుడు సొంతంగా కన్సల్టెన్సీ. అందుకని ఇక్కడ రాసేది ఎంబీబీఎస్ లేనివాళ్ళ కోసం, అదీ హైదరాబాద్‌లో ఉండి వెతుక్కునేవాళ్ళ కోసం. డాక్టర్లకు దారులూ ఎక్కువే, దారి చెప్పేవాళ్ళూ ఎక్కువే.

థీసిస్‌ని పక్కన పెట్టి, చేసిన పనుల్ని రాయండి

థీసిస్ టైటిల్ చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్ళు యూనివర్సిటీ బయట దాదాపు ఉండరు. "నల్లమల చెంచు పెంటల్లో 6–23 నెలల పిల్లల అనుబంధాహారం, ఎదుగుదల లోపం" అని సీవీ నెత్తిన రాస్తే, అవతలి మనిషికి అర్థమయ్యేది మీరు చెంచుల మీద ఏదో చదివారని మాత్రమే. ఆ థీసిస్ పూర్తవడానికి మీరు ఏమేం చేశారో ఒక తెల్లకాగితం మీద రాయండి. అంగన్‌వాడీ రిజిస్టర్లు పట్టుకుని శాంప్లింగ్ ఫ్రేమ్, అంటే ఎవరిని ఎంచుకోవాలో చూసుకునే పూర్తి జాబితా, తయారు చేశారు. తెలుగులో కన్సెంట్ ఫారం రాశారు, చదువురాని తల్లి వేలిముద్ర వేసేటప్పుడు పక్కన సాక్షిని కూర్చోబెట్టారు. ఎథిక్స్ కమిటీకి ఏటా ప్రోగ్రెస్ రిపోర్టు పంపారు. గడిచిన ఇరవై నాలుగు గంటల్లో బిడ్డ ఏం తిన్నాడో తల్లిని అడిగి రాసుకోవడానికి ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళ ప్రామాణిక గిన్నెలు సంచిలో వేసుకుని ఊళ్ళు తిరిగారు, పప్పు ఏ గిన్నెకు ఎంత అని తల్లినే చూపించమన్నారు, దాన్ని 2017 ఆహార కూర్పు పట్టికల్లోని 528 పదార్థాలతో సరిపోల్చి పోషకాలు లెక్కగట్టారు. డేటా సేకరించే కోబోలోనో రెడ్‌క్యాప్‌లోనో ఫారం కట్టారు. మార్చి దగ్గరపడితే, గ్రాంటు డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ కోసం అకౌంట్స్ సెక్షన్ చుట్టూ తిరిగారు.

వీటిలో ప్రతిదానికీ ఎక్కడో ఒక ఉద్యోగం ఉంది. ఎక్కడ ఏది పనికొస్తుందో తెలుసుకోవడమే అసలు కిటుకు.

ఉదాహరణకు కొలతల సంగతి. సీవీలో అందరూ "ఆంత్రోపోమెట్రీలో (శరీర కొలతల్లో) అనుభవం" అని రాస్తారు. దాని బదులు ఇలా రాయండి: "ఫీల్డ్ సిబ్బందికి పొడవు, బరువు, జబ్బ చుట్టుకొలత తీయడం నేర్పాను, ఒకే బిడ్డను ఇద్దరితో రెండేసిసార్లు కొలిపించి తేడా లెక్కగట్టాను, హద్దు దాటినవాళ్ళకు మళ్ళీ శిక్షణ ఇచ్చాకే ఊళ్ళోకి పంపాను." సర్వే నడిపిన ఎవరైనా ఈ లైను దగ్గర ఆగుతారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపుంటే తీవ్ర పోషకాహార లోపం కింద లెక్క. టేపు రెండు మిల్లీమీటర్లు బిగించి లాగితే బాగున్న బిడ్డ జాబితాకెక్కుతుంది, వదులుగా పట్టుకుంటే జబ్బుపడ్డ బిడ్డ జారిపోతుంది. నియామకం చేసేవాళ్ళకు ఈ బాధ అనుభవమే.

డేటా విషయంలో ఇంకొంచెం కటువుగా చెప్తాను. ఎస్పీఎస్ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో మెనూ నొక్కి థీసిస్ గట్టెక్కించినవాళ్ళు ముందు కోడ్ రాసి లెక్కగట్టే ఆర్ గానీ స్టాటా గానీ కూర్చుని నేర్చుకోండి. నేర్చుకున్నానని చెప్తే చాలదు, చేసింది చూపించాలి. సొంత డేటా బయటపెట్టడానికి గైడ్ ఒప్పుకోకపోతే యంగ్ లైవ్స్ డేటా వాడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి మూడు వేల మంది పిల్లల్ని వెంబడిస్తూ వచ్చిన అధ్యయనం అది. 2001–02లో పుట్టినవాళ్ళు రెండు వేల మంది, 1994–95లో పుట్టినవాళ్ళు వెయ్యి మంది. యూకే డేటా సర్వీస్‌లో రిజిస్టర్ చేసుకుంటే దొరుకుతుంది. మన జిల్లాల పిల్లల లెక్క మీద ఒక చిన్న విశ్లేషణ చేసి, కోడ్‌తో సహా గిట్‌హబ్‌లో పెట్టండి. ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి సరుకు ఉండదు.

ఐదు చుక్కల వెనక ఎంతమంది

ఉద్యోగాలు ఎక్కడుంటాయో ఊహకు అందనివాళ్ళకు నేను రోటావ్యాక్ సంగతి చెప్తాను. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి అది టీకా. ఒక్క టీకా చుక్క ప్రయాణం చూస్తే చాలు, మన రంగం మొత్తం కనిపిస్తుంది.

1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల్లో ఒక రోటావైరస్ దొరికింది. వాళ్ళకు అది సోకింది గానీ విరేచనాలు కాలేదు. ఎం.కె. భాన్ గారి బృందం దాన్ని పట్టుకుంది. 116ఇ అని పేరు. అక్కడ పనిచేసింది వైరాలజిస్టులు, పిల్లల డాక్టర్లు. ఆ వైరస్‌ని టీకాగా మలచే బాధ్యత మన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌కి వచ్చింది. అక్కడ ప్రాసెస్, క్వాలిటీ, రెగ్యులేటరీ మనుషులు కావాల్సి వచ్చింది. తర్వాత ఢిల్లీ, పుణే, వెల్లూరుల్లో దాదాపు 6,800 మంది పసిపిల్లలతో పెద్ద ట్రయల్. ఫలితాలు 2014లో వచ్చాయి. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాల్ని 56 శాతం దాకా ఆపిందని తేలింది. అంతమంది పిల్లల్ని వారం వారం వెంబడించాలంటే ఫీల్డ్ మేనేజర్లు కావాలి, డేటా మేనేజర్లు కావాలి, మానిటర్లు కావాలి, మలం శాంపిల్ చల్లగా ల్యాబ్‌కి చేర్చే మనిషి కావాలి.

కథ అక్కడితో అయిపోలేదు. 2016లో జాతీయ టీకా కార్యక్రమంలోకి ముందుగా తెచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఐదేసి చుక్కలు. ఏఎన్ఎంలకు శిక్షణ సామగ్రి ఎవరు రాశారు? కోల్డ్ చైన్ ఎవరు చూశారు? ఈ రకం టీకాలతో పేగు మడతపడే ప్రమాదం ఉందేమోనన్న అనుమానం పాతదే కాబట్టి, పెద్దాసుపత్రుల్లో ఆ కేసులు లెక్కపెట్టే నిఘా పెట్టారు. దాన్ని నడిపిందెవరు? ఖర్చు–ప్రయోజనం లెక్కగట్టిందెవరు? 2018 జనవరిలో డబ్ల్యూహెచ్ఓ ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత, భద్రత సరిపోయాయన్న ఆమోదం) రావడానికి కావాల్సిన కాగితాలు రాసిందెవరు? వీళ్ళలో చాలామంది థీసిస్‌లో రోటావైరస్ అన్న మాటే ఉండి ఉండదు.

ఇప్పుడు ఈ వరసలో మీ కాలు ఎక్కడ పడుతుందో చూసుకోండి. ఇంకో దారి కూడా చెప్తాను, ఇది చాలామందికి తట్టదు. మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐలో, అంటే జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో, ముందే నమోదు కావాలి. 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. ఆ సైట్ ఎవరైనా చూడొచ్చు. పిల్లల వయసు, తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ సైట్లు, ఇంకా పిల్లల్ని చేర్చుకోవడం మొదలుకాని ట్రయల్స్, ఇలా వడకట్టండి. స్పాన్సర్ ఎవరు, ఏ ఆసుపత్రి, ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ ఎవరు, అన్నీ కనిపిస్తాయి. మొదలవబోయే ట్రయల్ అంటే మనుషుల్ని తీసుకోబోతున్నారని అర్థం. ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ఒక పేజీ ఉత్తరం రాయండి. మీ ట్రయల్ నేను చదివాను, ఫాలో-అప్ వేసవిలో పడుతోంది, ఆ నెలల్లో వలసపోయే కుటుంబాల్ని వెతికి పట్టుకోవడం నేను ఫలానా మండలంలో చేశాను. ఇంతే. నాకు మొదటి ట్రయల్ ఉద్యోగం ఇలాంటి ఉత్తరంతోనే వచ్చింది.

సర్కారీ దారి, దాని గడువులు

తార్నాక ఎన్ఐఎన్ పేరు చెప్పకుండా హైదరాబాద్‌లో పిల్లల పోషణ గురించి మాట్లాడలేం. 1918లో కూనూరులో చిన్న బెరిబెరి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. పిల్లలకు ఆరు నెలలకోసారి పోసే విటమిన్-ఎ మోతాదు మీద ఇక్కడ జరిగిన పని ఆధారంగానే 1970లో జాతీయ కార్యక్రమం మొదలైంది. అక్కడ గానీ మరో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థలో గానీ పర్మనెంటు సైంటిస్టు కావాలన్నది మనలో చాలామంది కల. కలగానే చెప్తున్నాను, ఎందుకంటే నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పడం కష్టం, సబ్జెక్టుకు పడే పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

తెలుసుకోవాల్సింది ఇది. సైంటిస్ట్-బీ అంటే కేంద్ర జీతాల పట్టికలో లెవల్ 10, మూలవేతనం 56,100తో మొదలు. సాధారణంగా ఫస్ట్ క్లాస్ ఎమ్మెస్సీ ఉంటే దానికి దరఖాస్తు చేయొచ్చు, అంటే పీహెచ్‌డీ మీకు పెద్ద పైచేయి ఇవ్వదు. వయసు హద్దు మాత్రం 35 దగ్గర కూర్చుని ఉంటుంది, రిజర్వేషన్ సడలింపులు వేరే. పీహెచ్‌డీ ఆరేళ్ళు లాగినవాళ్ళకు, మధ్యలో పెళ్ళీ పిల్లలూ అయిన ఆడవాళ్ళకు ఈ హద్దే గండం. సైంటిస్ట్-సీకి పీహెచ్‌డీ తర్వాత అనుభవం అడుగుతారు. కాబట్టి డిగ్రీ చేతికి రాగానే మీ వయసు, ఒక్కో పోస్టు హద్దు, ఎన్నేళ్ళు మిగిలాయో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. నవ్వకండి. ఈ లెక్క వేసుకోకుండా రెండు ప్రాజెక్టుల్లో నాలుగేళ్ళు గడిపేసినవాళ్ళని నేను బోలెడుమందిని చూశాను.

ఆ లోపు దొరికేవి ప్రాజెక్టు పోస్టులు. రీసెర్చ్ అసోసియేట్‌కి 2023 జనవరి నుంచి నెలకు 58,000, 61,000, 67,000, మూడు మెట్లు. ఇంటి అద్దె భత్యం అదనం. ఐసీఎంఆర్ ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్ అనే పేర్లుంటాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం డబ్బుతో నడిచే ఎంఆర్‌యూలు, అంటే మల్టీ డిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్లు ఉన్నాయి. అక్కడ ఎంబీబీఎస్ లేని సైంటిస్టు పోస్టు కూడా ఒకటుంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి వాకిన్ ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళూ తక్కువే. కాలేజీ వెబ్‌సైట్‌లో ఒక మూల పీడీఎఫ్ పెట్టి ఊరుకుంటారు. నెలకోసారి వెళ్ళి చూస్తుండాలి.

ప్రాజెక్టు పోస్టులో చేరేముందు అడగాల్సినవి రెండు. ప్రాజెక్టుకు శాంక్షనైన కాలంలో ఎంత మిగిలింది? పేపర్లలో నా పేరు ఎక్కడుంటుంది? రెండోది అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది. అయినా చేరకముందే అడగండి, చేరాక అడిగితే అది గొడవవుతుంది. ఒక చోట నేను రాసిన డ్రాఫ్టులో చివరికి నా పేరు కృతజ్ఞతల్లోకి వెళ్ళింది. అది అక్కడ ఆనవాయితీ అట.

సొంత ఫెలోషిప్ తెచ్చుకోగలిగితే ఈ బాధలు చాలావరకు తప్పుతాయి. ఇంతకుముందు పరిశోధనలకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ ఇచ్చిన నేషనల్ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఫెలోషిప్) ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్ కింద నడుస్తోంది. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ ఐదేళ్ళది. ఆరోగ్య పరిశోధనకు డబ్బిచ్చే ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. వాళ్ళు పబ్లిక్ హెల్త్ వాళ్ళకీ ఫెలోషిప్పులు ఇస్తారు, సెలక్షన్ మాత్రం గట్టిగా ఉంటుంది. ఉద్యోగంలో విరామం వచ్చిన మహిళలకు కేంద్రంలోని డీఎస్టీ (సైన్స్, టెక్నాలజీ విభాగం), డీబీటీ (బయోటెక్నాలజీ విభాగం), ఆరోగ్య పరిశోధన విభాగం విడివిడిగా పథకాలు నడుపుతున్నాయి. నేను చూసినంతలో ఇక్కడ ప్రపోజల్ ఓడిపోయేది సైన్సులో లోపం వల్ల కాదు. హోస్ట్ సంస్థ సంతకం ఆఖరి రోజు దాకా దొరకదు. డెడ్‌లైన్‌కి నెల ముందే డైరెక్టర్ ఆఫీసులో ఫైలు పెట్టండి.

పాఠాలు చెప్పాలనుకుంటే

దీని గురించి తక్కువే చెప్తాను. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి నెట్ లేదా సెట్ కనీస అర్హత, పీహెచ్‌డీ ఐచ్ఛికం. వ్యవసాయ విశ్వవిద్యాలయాల కింద ఉన్న సైఫాబాద్, గుంటూరు కమ్యూనిటీ సైన్స్ కాలేజీల దారి వేరు, అక్కడ వ్యవసాయ రంగానికి వేరుగా జరిగే ఏఎస్ఆర్‌బీ నెట్ చూసుకోవాలి. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంపీహెచ్, ప్రజారోగ్య సంస్థ ఐఐపీహెచ్ హైదరాబాద్, ఇవన్నీ చూడదగ్గవే. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఖాళీలు ఏళ్ళ తరబడి నిండకపోవడం అందరికీ తెలిసిందే. ప్రైవేటు కాలేజీలో చేరితే జీతం ఎంత అనే కాదు, వారానికి ఎన్ని క్లాసులు అని కూడా అడగండి. పద్దెనిమిది గంటలు పాఠాలు చెప్పి, అడ్మిషన్ల సీజన్‌లో ఇంటింటికీ తిరిగొచ్చాక పరిశోధన చేసే ఓపిక మిగలదు.

యూనిసెఫ్, ఎన్జీవోలు

యూనిసెఫ్‌కి హైదరాబాద్‌లో ఫీల్డ్ ఆఫీసు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక దాని పరిధి. పర్మనెంటు పోస్టులు అరుదు, కన్సల్టెన్సీలు తరచుగా పడతాయి. జాతీయ అధికారుల పోస్టుల్లో ఎన్ఓ-బీకి రెండేళ్ళు, ఎన్ఓ-సీకి ఐదేళ్ళు పని అనుభవం అడుగుతారు. పీహెచ్‌డీ చేసిన ఏళ్ళు అనుభవం కింద కలవవని అనుకునే దరఖాస్తు పెట్టండి. పీహెచ్‌డీ సమయంలోనే జీతం తీసుకుని చేసిన ప్రాజెక్టు పని ఉంటే దాన్ని విడిగా, తేదీలతో చూపించండి. టీఓఆర్ (పని వివరాల పత్రం) చదివి, అందులో వాళ్ళు వాడిన మాటలే మీ కవర్ లెటర్‌లో ఉండేలా చూసుకోండి. వడకట్టే మనిషి ఆ మాటల కోసమే వెతుకుతాడు.

కొన్ని అంకెలు నోటికి వచ్చి ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు దేశంలో 35.5 శాతం, తెలంగాణలో 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2. రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2. తెలంగాణలో ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్ళు 21.7 శాతం, దేశ సగటు 19.3 కన్నా ఎక్కువ. బాలామృతం, గుడ్లు ఇస్తున్న రాష్ట్రంలో ఇదెందుకు అని ఇంటర్వ్యూలో అడిగితే మీ దగ్గర ఒక అభిప్రాయం ఉండాలి. పుస్తకంలోని జవాబు చెప్తే వాళ్ళకు తెలిసిపోతుంది.

ఎన్జీవోల దగ్గర కొత్త కష్టం ఒకటి వచ్చిపడింది. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ని మూసేశాక, దాని డబ్బు మీద బతికిన ఆరోగ్య ప్రాజెక్టులు ప్రపంచమంతటా ఆగిపోయాయి. మన దగ్గరా సీనియర్లు రోడ్డున పడ్డారు, అంటే మీరు దరఖాస్తు పెట్టే పోస్టుకి పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళూ పోటీకి వస్తారు. అందుకని ఆఫర్ వస్తే డబ్బు ఎవరిది, ఎప్పటిదాకా అని నిస్సంకోచంగా అడగండి. ఒక్క దాత మీద నడిచే ప్రాజెక్టా, రాష్ట్ర ప్రభుత్వ డబ్బు ఉందా, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు ఉందా తెలుసుకోండి.

పెద్ద పేర్లున్న చోటే పెద్ద పని జరుగుతుందనుకోకండి. తెలంగాణ సరిహద్దు దాటితే వచ్చే గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సంస్థ పల్లె ఆడవాళ్ళకే నవజాత శిశు సంరక్షణ నేర్పి, శిశుమరణాలు తగ్గించి చూపించింది. 1999లో లాన్సెట్‌లో వచ్చిన ఆ పనే తర్వాత ఆశాలు పసిబిడ్డ ఇంటికి వెళ్ళి చూసే కార్యక్రమానికి దారి చూపింది. ఊళ్ళో ఉండి పనిచేయగలిగే మనస్తత్వం ఉంటే ఇలాంటి చోట రెండేళ్ళు పనిచేసిన అనుభవం నగరంలో ఐదేళ్ళకు సమానమని నా నమ్మకం.

కంపెనీలు: రాతపని, ట్రయల్స్, ఒక హెచ్చరిక

హైదరాబాద్‌లో ఉన్నందుకు మనకు కలిసొచ్చేది ఇది. టీకా కంపెనీలు ఇక్కడ, ఫార్మా బహుళజాతి సంస్థల రాతపని బృందాలు ఇక్కడ. ట్రయల్స్‌కి, మందుల అనుమతులకు కావాల్సిన పత్రాలు రాసే ఈ మెడికల్ రైటింగ్ అంటే చాలామందికి చిన్నచూపు. కానీ ఐరోపాలో 2007 నుంచి, అమెరికాలో 2003 చట్టం నుంచి, కొత్త మందుల్లో చాలావాటికి పిల్లల్లో అధ్యయనం చేయాల్సిన బాధ్యత కంపెనీల మీద పడింది. అంటే పిల్లల ట్రయల్ ప్రోటోకాల్స్, స్టడీ రిపోర్టులు, తల్లిదండ్రులకు అర్థమయ్యే సారాంశాలు రాసే పని ఎప్పుడూ ఉంటుంది. ఏడేళ్ళు దాటిన పిల్లల దగ్గర వాళ్ళ సమ్మతి కూడా తీసుకోవాలన్న సంగతి, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఎంత రక్తం తీయొచ్చన్న ఆలోచన మీకు ముందే తెలుసు. జనరల్ రైటర్‌కి అది నేర్పాలి.

దరఖాస్తు పెడితే రాత పరీక్ష ఇస్తారు, ఒక టేబుల్ ఇచ్చి ఫలితాలు రాయమంటారు. థీసిస్ భాష మర్చిపోండి. అంకె ముందు, అర్థం తర్వాత, అభిప్రాయం అసలు వద్దు. ట్రయల్ రిపోర్టు ఎలా ఉండాలో చెప్పే ఐసీహెచ్ ఇ3 మార్గదర్శకం ఒకసారి పూర్తిగా చదవండి, ట్రయల్స్ పద్ధతిగా నడిపే నియమాల మీద ఇచ్చే జీసీపీ సర్టిఫికెట్ తెచ్చుకోండి. ఫార్మకోవిజిలెన్స్‌లో (మందుల దుష్ప్రభావాల నిఘాలో) చేరమని కూడా కొందరు సలహా ఇస్తారు. అక్కడ ఫార్మ్-డీ చేసి ఇరవై మూడేళ్ళకే చేరినవాళ్ళ పక్కన మీరు మొదటి మెట్టు మీద కూర్చోవాలి. ఇల్లు గడవడం కష్టమైతే తప్ప నేను ఆ దారి చూపించను.

పసిపిల్లల పాలపొడి, డబ్బా ఆహారం కంపెనీల నుంచి మంచి జీతంతో పిలుపు రావచ్చు. ఒప్పుకునేముందు ఒక్క రాత్రి ఆలోచించండి. పాలపొడి, సీసాలు, పసిపిల్లల ఆహారం అమ్మకాల్ని అదుపు చేసే 1992 నాటి ఐఎంఎస్ చట్టం, 2003 సవరణతో కలిపి, రెండేళ్ళ లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధిస్తుంది. ఆ కంపెనీలు ఆరోగ్య కార్యకర్తలకు బహుమతులు, సెమినార్లకు, పరిశోధనలకు డబ్బు ఇవ్వకూడదంటుంది. తల్లిపాలకు బదులుగా అమ్మేవాటి మీద 1981 నాటి అంతర్జాతీయ కోడ్ కూడా ఉంది. ఒకసారి అక్కడ పనిచేస్తే తర్వాత యూనిసెఫ్, డబ్ల్యూహెచ్ఓ ప్రయోజన వైరుధ్య పత్రం నింపేటప్పుడు ఆ గడి దగ్గర ఆగాల్సి వస్తుంది. వద్దని నేను అనను, ఎవరి ఇంటి అప్పులు వాళ్ళవి. ఆ గడి ఒకటుందని తెలిసి వెళ్ళండి.

బయటి దేశాలు

పోస్ట్‌డాక్ అంటే మా బంధువులు "ఇంకా చదువుతూనే ఉన్నావా?" అంటారు, అది వేరే సంగతి. లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఇన్‌స్టిట్యూట్, టొరంటో సిక్‌కిడ్స్, మెల్‌బోర్న్ మర్డాక్, ఇవి అందరికీ తెలిసినవే. ఢాకాలోని ఐసీడీడీఆర్,బీ పరిశోధన సంస్థ మాత్రం మనవాళ్ళ దృష్టిలో ఉండదు, విరేచనాలు, పోషకాహారం మీద పనిచేసేవాళ్ళకు అది గొప్ప చోటు. ఐరోపా వెళ్ళాలనుకుంటే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి పీహెచ్‌డీ అయిన ఎనిమిదేళ్ళ లోపు దరఖాస్తు చేయొచ్చు, హోస్ట్ దొరకడమే అందులో సగం పని. మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్" తో మొదలుపెట్టి జీవిత చరిత్ర రాయకండి. వాళ్ళ ఫలానా పేపర్లో ఫలానా కొలత మన పిల్లల్లో ఎలా ఉంటుందో నా దగ్గర డేటా ఉంది అని నాలుగు వాక్యాలు చాలు.

ఎంబీబీఎస్ ఉన్నవాళ్ళు గగన్‌దీప్ కాంగ్ గారి దారి చూడండి. వెల్లూరు మురికివాడల పిల్లల విరేచనాల మీద ఏళ్ళ తరబడి పనిచేసి, 2019లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, ఆ తర్వాత గేట్స్ ఫౌండేషన్‌కి వెళ్ళారు. ఆమె బలం వెల్లూరులోనే తయారైంది.

సొంతంగా చేయాలనుకుంటే

పరికరమో, టెస్టో, పిల్లల ఆహారమో ఆలోచన ఉంటే, బయోటెక్ స్టార్టప్‌లకు సాయపడే కేంద్ర సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు పద్దెనిమిది నెలలకు 50 లక్షల దాకా ఇస్తుంది. జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ దాని భాగస్వాముల్లో ఒకటి. దరఖాస్తు పెట్టకముందే వాళ్ళతో మాట్లాడొచ్చు.

నాలాగా సర్వే, ఎవాల్యుయేషన్ కన్సల్టెన్సీ చేయాలంటే మొదటి పని మీ పాత గైడ్ నుంచో, ప్రాజెక్టులో కలిసినవాళ్ళ నుంచో వస్తుంది, ప్రకటన చూసి రాదు. రోజు రేటు చెప్పమంటే జీతాన్ని ముప్పైతో భాగించి చెప్పకండి. సెలవులు, బీమా, పని లేని నెలలు, ప్రయాణాలు అన్నీ అందులోనే గడవాలి. ఫీజులో 10 శాతం టీడీఎస్ కోసేసి ఇస్తారు, ఎక్కువగా కోసింది రిటర్న్ వేసుకుంటేనే తిరిగొచ్చేది. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ. ఒప్పందంలో డబ్బు విడతలు "తుది నివేదిక ఆమోదం" మీద కాకుండా "నివేదిక సమర్పణ" మీద ఉండేలా రాయించుకోండి. ఆమోదం ఎవరి బల్ల మీదో ఆరు నెలలు పడుకుంటుంది.

ల్యాబ్ వదిలే ముందు

ఇవి మాత్రం వెళ్ళిపోయాక తెచ్చుకోవడం చాలా కష్టం. ప్రాజెక్టు అకౌంట్ మూసేలోపు, తేదీలతో, హోదాతో, చేసిన పనులతో అనుభవ ధ్రువపత్రం సంస్థ లెటర్‌హెడ్ మీద తీసుకోండి. గైడ్ ఉత్తరం చాలదు. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రాలన్నీ, సవరణలతో సహా, కాపీ పెట్టుకోండి, తర్వాత పేపర్ పంపితే జర్నల్ అడుగుతుంది. మీ డేటా మీరు ఏమేరకు వాడుకోవచ్చో గైడ్‌తో ఒక మెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట వద్దు. పిల్లల పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు ఉన్న ఫైళ్ళు మీ సొంత ల్యాప్‌టాప్‌లో ఉంటే సంస్థకు అప్పగించి తుడిచేయండి. ఓఆర్‌సీఐడీకి (పరిశోధకుల గుర్తింపు నంబరుకు), పేపర్లకు యూనివర్సిటీ మెయిల్ కాకుండా సొంత మెయిల్ జోడించండి, పాతది మూసేస్తే పాస్‌వర్డ్ కూడా మార్చుకోలేరు.

చివరగా, రెఫరీలుగా ముగ్గురిని ముందే అడిగి పెట్టుకోండి. ఒకరు గైడ్. ఒకరు డేటా గురించి చెప్పగలిగేవాళ్ళు. మూడోవాళ్ళు మీతో ఫీల్డ్‌లో తిరిగినవాళ్ళు అయితే మంచిది, అంగన్‌వాడీల మీద అధికారి సీడీపీవో అయినా సరే. మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు నేను ముందు ఫోన్ చేసేది ఆ మూడో నంబరుకే.